అక్షరాల్లో వెళ్ళిన గుండె

ట్యునీషియాలో మా స్ఫాక్స్ ఆసుపత్రిలో ఇప్పుడు పనిచేసే పిల్లలకు గుండె బొమ్మ ఫ్రాన్సుకు పంపడమంటే వేలితో ఒక మీట నొక్కడం. నొక్కేసి, చేతిలో కాఫీ చల్లారకముందే జవాబు రాలేదని విసుక్కుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇదంతా లెల్లా బేయా రోజుల్లో ఎట్లా ఉండేదో తెలుసా మీకు?" అని నేను నోరు విప్పితే చాలు, "సీ ఖ్మైస్ మళ్ళీ మొదలుపెట్టాడు" అని ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. సరే, వాళ్ళు వినకపోతే పోయారు. నేను ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తీరిక చాలా ఉంది. రాసి పెడతాను.

లెల్లా అంటే అమ్మగారు, సీ అంటే అయ్యగారు, మా వైపు పిలుపులు. బేయా కెర్కెనా దీవి మనిషి. మా రేవు నుంచి పడవెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. వాళ్ళ నాన్న మట్టికుండల్ని తాళ్ళకు కట్టి సముద్రంలో దించేవాడు, వాటిలో దూరిన ఆక్టోపస్‌లను పైకి లాగి ఎండబెట్టి అమ్మేవాడు. ఆ దీవివాళ్ళకు ఒక జబ్బుంది, తమ మాటే చివరిమాట కావాలి. బేయాకు అది నిండుగా ఉండేది. పొట్టి మనిషి, గోరింటాకు పెట్టి ఎర్రగా పండించిన జుట్టు, గది అవతలికి వినబడే గొంతు. మేం స్ఫాక్స్ వాళ్ళం పిసినారులమని దేశమంతా అంటుంది కదా, ఆమె ఎందుకు ఊరుకుంటుంది? నేను ముచ్చటపడి టీలో బాదంపప్పులు వేసి తెస్తే గ్లాసును వెలుతురుకు పట్టి చూసేది. "ఇంట్లో చెప్పే తెచ్చారా సీ ఖ్మైస్? లేకపోతే సాయంత్రం మీ ఆవిడ డబ్బా తీసి చూసుకుని గొడవపెడుతుంది" అనేది.

చదువు అవగానే ఆమె దీవి దాటి వచ్చి పోస్టాఫీసులో టెలెక్స్ గదిలో చేరింది. టెలెక్స్ మిషను ప్రతి అక్షరానికీ ఒక వరుస చిల్లులు పొడుస్తూ కాగితం పట్టీని వదులుతుంది. అక్కడి ఆడపిల్లలు ఆ చిల్లుల్ని కళ్ళతో కాదు, వేలికొసతో చదివేవాళ్ళు. నిమిషానికింతని వసూలు చేసేవాళ్ళు గనుక సలాములు, కుశలప్రశ్నలు కొట్టెయ్యాలని పై అధికారి నియమం. బేయా మొదటిసారి ఇంటికి కబురు పంపినప్పుడు ఆ నియమం ప్రకారమే "పని కుదిరింది, శుక్రవారం వస్తున్నాను" అని మాత్రం కొట్టింది. శుక్రవారం పడవ దిగేసరికి వాళ్ళ నాన్న రేవులో మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడట. "సలాము లేకుండా కబురొస్తే ఎవరో పోయారనుకున్నానే తల్లీ. రెండు రాత్రులు మీ అమ్మ అన్నం ముట్టలేదు" అన్నాడట. ఆ మాట ఆమెకు లోపల గుచ్చుకుని ఉండిపోయింది.

తర్వాత ఫాక్సులొచ్చి టెలెక్స్ గదిని మూసేశాయి. మా ఆసుపత్రి పక్కనే వైద్య కళాశాలలో కంప్యూటరు గది తెరిచి, ఈమెయిల్ చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. ఊళ్ళో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళే తక్కువ. బేయా వెళ్ళి, "తీగ మీద కబురు పంపడమే కదా, నేను పుట్టిందే అందుకు" అని చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. ఇక్కడ నిమిషానికింతని అడిగేవాడు లేడు, మాటలు కొట్టేసేవాడు లేడు. దాంతో ఆమె ఉత్తరాలు ఎట్లా ఉండేవంటే, ముందు సలాము, తర్వాత మీ ఆరోగ్యం, మీ అమ్మగారి ఆరోగ్యం, పిల్లల చదువులు, మీ ఊళ్ళో చలి, ఆ తర్వాత ఎక్కడో విషయం, చివర మళ్ళీ ఇంటిల్లిపాదికీ సలాములు. మా గుండె డాక్టరు కమ్మూన్ గారు నెమ్మదస్తుడు, ఆయనే ఒకసారి నవ్వేశాడు.

"లెల్లా బేయా, మీ ఉత్తరంలో నా ప్రశ్న ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది."

"నేను రాసేది మనుషులకు డాక్టర్ గారూ, గోడకు కాదు."

చూశారా, చివరిమాట.

ఆ గది పని నాకు ఎట్లా అర్థమైందో చెప్పాలి. ఒకరోజు వెళ్ళేసరికి ఆమె తెర నిండా పిచ్చి అక్షరాలు. గుర్తులు, అంకెలు, చుక్కలు, మధ్యలో అక్కడక్కడ పెద్దక్షరాలు, ఒక్క మాటకూ తలాతోకా లేదు. మిషను పాడైందేమో అన్నాను. ఆమె జాలిగా చూసింది.

"అది మీ డాక్టరు తీయించిన బొమ్మ."

"బొమ్మా? ఇదా?"

"బొమ్మ లోపల ఉండేవి అంకెలు. అవి ఉన్నవి ఉన్నట్టు ఉత్తరంలో పెట్టి పంపామనుకోండి, ఇక్కణ్ణించి ట్యునీస్, అక్కణ్ణించి ఫ్రాన్సు, దారిలో ఎన్ని మిషన్ల చేతులు మారుతుందో. వాటిలో పాతవి కొన్ని ఉత్తరమంటే మామూలు ఇంగ్లీషు అక్షరాలే ఉండాలనుకుంటాయి. తెలియనిది కనబడితే ఒక అంచు కోసేస్తాయి. మన అరబ్బీ అక్షరాలు కూడా వాటికి అంతే, తునకలు చేసి పారేస్తాయి. అందుకని ఈ ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, బొమ్మలో మూడేసి అంకెల్ని తీసుకుని నాలుగేసి మామూలు అక్షరాలుగా మార్చి రాస్తుంది. చూసేవాడికి ఉత్తరమే అనిపిస్తుంది. అవతల మనిషి దాన్ని వెనక్కి తిప్పితే మళ్ళీ బొమ్మ."

"అంటే దొంగరవాణా అన్నమాట."

"మర్యాదగా చెప్పండి. బొమ్మకు బుర్ఖా వేసి పంపుతున్నా."

నిండుగా ఉన్న ప్రతి వరుసా ఎడమ పక్క 'ఎం' అనే అక్షరంతో మొదలవుతుంది. తెర ఎడమ అంచున పైనుంచి కిందిదాకా ఒకటే 'ఎం'లు నిలబడి ఉంటాయి. పంపేముందు ఆమె వాటిమీదుగా వేలు దించుతూ పోయేది. ఎక్కడా తేడా లేకపోతే సరుకు బాగున్నట్టు. టెలెక్స్ పట్టీ తడిమిన వేలు కదా, దానికి ఆ అలవాటు పోలేదు. ఆ వేలి మీద నాకు గుడ్డి నమ్మకం. రోగుల చిన్నచిన్న బొమ్మలు ఎన్నో పంపింది, ఫ్రాన్సులోని లియోన్ ఆసుపత్రిలో ఆమెకు జోడీగా పనిచేసే మొసియో ఫుర్నియే అనే ఆయన అన్నీ చక్కగా అందాయని రాసేవాడు.

అట్లాంటి రోజుల్లో, తొంభైమూడు వసంతంలో, ఒల్ఫా వచ్చింది.

ఒల్ఫాకు నాలుగేళ్ళు. తల్లి మబ్రూకా మహ్రెస్ తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలో కొడవలితో తవ్వి గుల్లలు ఏరుకునే మనిషి. పిల్ల నాలుగడుగులు పరిగెడితే కూలబడిపోతోంది. గుండె నుంచి ఒంటికి నెత్తురు మోసే పెద్ద నాళం ఒకచోట నొక్కుకుపోయింది. డాక్టర్ కమ్మూన్ రంగుమందు ఎక్కిస్తుంటే నేనే ఫిల్ము తీశాను, ఆ ఇరుకు నా కళ్ళతో చూశాను. ఏడాదికోసారి లియోన్ నుంచి ఒక సర్జను బృందంతో వచ్చి మా దగ్గర ఇట్లాంటి పిల్లలకు ఆపరేషన్లు చేసి వెళ్ళేవాడు. ఆ శనివారమే వాళ్ళ విమానం. ఆయన అడిగింది ఒకటే: ఇరుకు ఎంత పొడవుందో, ఎక్కడుందో కళ్ళారా చూడాలి. చూస్తేనే ఆ చోట వెయ్యడానికి సరిపోయే గొట్టం వెంట తెచ్చుకోగలడు. చూడకుండా ఆ పిల్లను ముట్టుకోను అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. పిల్ల మరో ఏడాది ఆగగలదా అని అడిగితే డాక్టర్ కమ్మూన్ ఫిల్మును నా చేతిలో పెట్టి, "ఈ వారమే ఎట్లాగైనా పంపాలి" అన్నాడు.

పోస్టులో వేద్దామంటే అంతకుముందు ఏడాది పంపిన ఫిల్ము వాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక చేరింది. ఫాక్సు చేస్తే నల్లటి మరక తప్ప ఏమీ పడలేదు. "ఇక మీదే భారం లెల్లా బేయా" అన్నాడు డాక్టరు. ఆమె చేతులు కట్టుకుని, "మధ్యాహ్నానికల్లా లియోన్‌లో ఉంటుంది" అంది. మబ్రూకా పిల్లను ఒళ్ళో పెట్టుకుని గుమ్మం బయట బల్లమీద కూర్చుని ఆ మాట విన్నది.

ఫిల్మును కళాశాల స్కానరు మీద పెట్టి, సన్నని గీత కూడా పోకుండా పెద్దగా తీసింది. అందుకే అది అంతకుముందు పంపినవాటికన్నా చాలా పెద్దదైంది. అంత పెద్ద ఉత్తరాన్ని ట్యునీస్ మిషను పట్టదు, వెనక్కి కొడుతుంది. అందుకని అక్షరాలుగా మార్చాక ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఒక్కో ఉత్తరంగా పంపింది. అన్నిటికన్నా ముందు ఫుర్నియేకు ఒక హెచ్చరిక: "ముక్కలన్నీ వరుసగా అతికించండి. ఒక్క చుక్క కూడా మార్చవద్దు. ఒక పసిప్రాణం దీనిమీద ఉంది."

సాయంత్రానికి లియోన్ నుంచి ఫాక్సు వచ్చింది. ఫుర్నియే బొమ్మను తెరిచి అచ్చుతీసి పంపాడు. పైన మెడ ఎముక, భుజాలు, నేను తీసినట్టే శుభ్రంగా ఉన్నాయి. దాని కింద అంతా ఇసుక పోసినట్టు చుక్కలు. గుండె ఉండాల్సిన చోట ఇసుకే.

బేయా ట్యునీస్ ఎక్స్ఛేంజివాళ్ళను తిట్టింది. గాలివానను తిట్టింది. మళ్ళీ పంపింది. మర్నాడు మళ్ళీ అదే బొమ్మ, అదే మెడ ఎముక, దాని కింద అదే ఇసుక. అప్పుడు ఫుర్నియేను తిట్టింది. "చేతులు ఊరుకోవు కొందరికి, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యరు" అంది. నాకూ కోపం ఆగలేదు, ఫ్రెంచివాళ్ళంతా అంతే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. గురువారం పొద్దున డాక్టర్ కమ్మూన్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సాయంత్రం ఆయన పెట్టె సర్దేసుకుంటాడు. అప్పటిదాకా చూద్దాం లెల్లా. కాకపోతే ఆ తల్లికి నేనే చెబుతాను" అన్నాడు. తల్లి అక్కడే ఉంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

బేయా ఫోను తీసి లియోన్‌కు కలిపింది. గదిలో అందరికీ వినబడేట్టు దాని స్పీకరు మీట నొక్కింది. ఫుర్నియే గొంతు వినడం నాకు అదే మొదలు, కొంచెం బిడియస్థుడిలా మాట్లాడాడు.

"మొసియో, మీరు ఏమైనా ముట్టుకున్నారా?" అంది ఆమె, సలాము కూడా చెప్పకుండా.

"ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు మదాం. మీరు చెప్పారుగా. వచ్చింది వచ్చినట్టే అతికించాను."

"అయితే అతికించినదాన్ని తెర మీద పెట్టండి. ఎడమ అంచున ఉన్న అక్షరాలు మాత్రం పైనుంచి కిందికి చదవండి."

"ఎం. ఎం. ఎం. ఎం..." ఆయన చదువుతూ పోయాడు. మేం వింటూ కూర్చున్నాం. నేను రెండు గ్లాసుల టీ పోశాను, ఆమె ముట్టుకోలేదు. ఆయన పాపం, చర్చిలో ప్రార్థన చదివినట్టు ఒకే రాగంతో చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు.

"ఇక్కడ 'ఏ' ఉంది మదాం."

"ఆ వరుస మొత్తం చదవండి."

"అస్సలాము అలైకుం అని ఉంది. దాని కింద..." కొంచెం సంకోచించాడు. "మదాం, మీరు ఏమీ అనుకోనంటే ఒకటి చెబుతాను. మా అమ్మ మోకాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నాయి. మీరు ప్రతి ముక్కలోనూ అడిగిందే అడిగారు. జవాబు రాయకపోవడం మర్యాద కాదని తెలుసు, కానీ ఈ హడావుడిలో..."

 బేయా మొహం నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

జరిగింది ఇదీ. ఆమెకు ఒక్కో ముక్కా ఒక ఉత్తరం. ఉత్తరమంటే పైన సలాము, కింద సలాము ఉండి తీరాలి. వేలితో 'ఎం'లన్నీ తడిమి చూసుకున్న తర్వాతే ఆ సలాములు చేర్చేది. ఇన్నాళ్ళూ బొమ్మలు చిన్నవి, ఒక్క ఉత్తరంలో పట్టేవి. వెనక్కి తిప్పే ప్రోగ్రాము 'మొదలు' అన్న గుర్తు పడేదాకా దేన్నీ పట్టించుకోదు, 'చివర' అన్న గుర్తు తర్వాత కూడా అంతే. అందుకని సలాములు బయటే ఉండిపోయేవి, ఏ హానీ జరిగేది కాదు. ఈసారి ముక్కలు అతికించేసరికి మొదటి ముక్క కింది సలాము, రెండో ముక్క పైసలాము, ఆయన అమ్మగారి మోకాళ్ళు, లియోన్ చలి అన్నీ బొమ్మ నడిమధ్యన పడ్డాయి. ప్రోగ్రాము వాటిని కూడా బొమ్మే అనుకుని తిప్పింది. మొదటి ముక్క మేరకు మెడ ఎముక బాగా వచ్చింది, అక్కణ్ణించి అంతా పాడైంది. ఆయన వాటిని తీసేద్దామనుకున్నా తియ్యలేదు. చుక్క కూడా మార్చవద్దని రాసింది ఎవరు మరి?

నేనైతే ఫోను పెట్టేసి ట్యునీస్ వాళ్ళనే తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. డాక్టరు ముందు, నా ముందు, ఆ తల్లి ముందు, రెండు రోజులుగా తిట్టిన మనిషికే ఆ మాట చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. బేయా గొంతు సవరించుకుంది.

"మొసియో ఫుర్నియే, తప్పు నాది. మీది కాదు, తీగది కాదు. నా సలాములు మీ దారికి అడ్డొచ్చాయి. ఇప్పుడు మీరు, నేను కలిసి వాటిని ఏరేద్దాం. నేను చెప్పిన వరుస తప్ప ఇంకేదీ ముట్టుకోకండి."

ఒక్కో అతుకు దగ్గరా ఆయన చదివాడు, ఆమె తన తెర మీద అదే చోటు చూసి "ఇక్కణ్ణించి తియ్యండి, ఇక్కడ ఆపండి" అంది. ఖాళీ వరుసలు కూడా వదల్లేదు. తొందరలో ఒక మంచి వరుస పోయినా మళ్ళీ మొదటికొస్తుంది గనుక ఆయన తొందరపడితే ఆపింది, తను తొందరపడితే ఆయన ఆపాడు. చివరి అతుకు అయ్యాక మళ్ళీ ఎడమ అంచంతా చదివించింది. ఈసారి మధ్యలో వేరే అక్షరం రాలేదు. "తిప్పండి" అంది.

ఫోనులో మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఫుర్నియే, "మెడ వచ్చింది" అన్నాడు. "భుజాలు. పక్కటెముకలు మొదలయ్యాయి. గుండె... మదాం, గుండె వచ్చింది. నాళం కనబడుతోంది. ఇరుకు కూడా స్పష్టంగా ఉంది. నేను పరిగెత్తుతున్నాను" అని ఫోను అట్లాగే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన బూట్ల చప్పుడు దూరమవడం మాకు వినబడింది. డాక్టర్ కమ్మూన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

శనివారం సర్జను దిగాడు, సరైన గొట్టం ఆయన పెట్టెలో ఉంది. సోమవారం ఆపరేషను జరిగింది. నడవాలో మబ్రూకా పక్కన నేను కూర్చున్నాను, బేయా తన గదిలోనే ఉండిపోయింది. డాక్టర్ కమ్మూన్ బయటికొచ్చి బాగా జరిగిందన్నట్టు తల ఊపగానే మబ్రూకా లేచి తలుపు దగ్గరికి పరిగెత్తింది.

పిల్లను చూడనిచ్చిన రోజు బేయా వచ్చింది. చేతిలో ఎండు ఆక్టోపస్ వేసి వండిన బార్లీ జావ, పైన మూత. మంచం దగ్గర గిన్నె పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"మబ్రూకా, ఆ రెండు రోజులు ఆలస్యం నా వల్లే. తీగల గొడవంతా ఆ వేళ నీకు అర్థమైందో లేదో, అందుకని చెబుతున్నా. నేను రాసిన సలాములు నీ కూతురి బొమ్మ మధ్యలో పడ్డాయి. ఇంకొక్క పూట ఆ తప్పు పట్టుబడకపోతే ఆ సర్జను వట్టి చేతులతో వచ్చేవాడు. నన్ను ఏమనాలనుకుంటే అది అను."

మబ్రూకా ఆమెను ఎగాదిగా చూసింది. గుల్లలు తవ్వి కాయలు కాసిన చేతితో దుప్పటి కాళ్ళవైపు పైకి తీసింది.

"ఆ జబ్బుకు కాళ్ళదాకా నెత్తురు అందేది కాదక్కా. పుట్టినప్పట్నుంచీ దీని పాదాలు ఎండాకాలంలో కూడా చేపల్లా చల్లగా ఉండేవి. రాత్రిళ్ళు నా పొట్టకు ఆనించుకుని పడుకునేదాన్ని, వెచ్చబడేవి కాదు. ఒకసారి పట్టుకో."

బేయా వంగి ఆ పాదం పట్టుకుంది. టెలెక్స్ పట్టీ తడిమిన ఆ వేలు పిల్ల మడమ పక్కకు జరిగి, ఒకచోట ఆగింది.

"కొట్టుకుంటోంది" అంది మెల్లగా. అంత మెల్లగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"వెచ్చగా ఉందా?" అంది మబ్రూకా.

"వెచ్చగా ఉంది."

"మరి అనడానికి ఏముంది, కూర్చో. జావ నువ్వే పెట్టు, నా చేత్తో తినదు."